మార్కింగు ఎవరి చేతిలో ఉంది? – రాడ్‌బెండింగ్‌లో కొత్తగా చేరిన కుర్రవాడి కేస్ స్టడీ

నేపథ్యం

కోస్తాలోని ఒక నగర శివార్లలో అపార్ట్‌మెంట్ల సముదాయం కడుతున్న సైటు అది. కాంట్రాక్టరు తరఫున కొత్త పనివాళ్ల శిక్షణ చూసే ఇంజినీరుని నేను. ఈ కేసులోని మనుషులను గుర్తుపట్టగల వివరాలు తీసేశాను. కొలతలు మాత్రం మార్చలేదు, ఎందుకంటే అసలు విషయమంతా వాటిలోనే ఉంది.

కుర్రవాడికి ఇరవై ఏళ్లు దాటలేదు. ఉత్తరాంధ్ర పల్లె నుంచి వచ్చాడు. పదో తరగతి పాసయ్యాడు, లెక్కల్లో తప్పలేదు. స్వల్పకాలిక రాడ్‌బెండింగ్ (కాంక్రీటులో వేసే ఉక్కు రాడ్లను వంచి కట్టే పని) కోర్సు పూర్తిచేసి సర్టిఫికెట్టుతో మా దగ్గర చేరాడు. ఆ కోర్సులో బైండింగ్ వైరుతో ముడులు వేయడం, బల్ల మీద కీ అనే ఇనుప పనిముట్టుతో రాడ్డు వంచడం, ఒక నమూనా పిల్లరు, ఒక స్లాబు జాలీ కట్టడం నేర్పుతారు. బరువు లెక్క కూడా చెబుతారు: రాడ్డు మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. ఇవన్నీ ఆ కుర్రవాడికి వచ్చు. అయితే శిక్షణ షెడ్డులో మార్కింగు, అంటే ఎక్కడ కోయాలో, ఎక్కడ వంచాలో రాడ్డు మీద సుద్దగీతలు పెట్టడం, శిక్షకుడే చేసి ఇస్తాడు. గీత దగ్గర వంచడం వరకే శిక్షణార్థి పని. ఈ సంగతి సర్టిఫికెట్టులో ఎక్కడా కనిపించదు.

సైటులో అతన్ని ఒక ముఠాలో చేర్చాం. మేస్త్రీ అనుభవజ్ఞుడు, పనిలో నిక్కచ్చి మనిషి. మా ప్రాంతంలో చాలాచోట్ల లాగే ఆ ముఠాకూ కూలి టన్ను లెక్కన. కోసి, వంచి, కట్టిన ఉక్కు తనిఖీలో పాసైతే బరువు కట్టి డబ్బిస్తారు, దాన్ని ముఠా పంచుకుంటుంది. తనిఖీలో పోయిన సరుకుకు కూలి రాదు. పైగా తుక్కు పరిమితి దాటితే ఆ మేరకు కోత పడుతుంది.

సమస్య ఎలా బయటపడింది

చేరి నెలలు గడుస్తున్నా కుర్రవాడు మోత దగ్గరే ఉన్నాడు. మోత తక్కువ పనని నేననను. 12 మీటర్ల 20 మి.మీ. రాడ్డు ఒక్కటే 30 కిలోల దాకా తూగుతుంది, 25 మి.మీ. రాడ్డయితే 46. అంత పొడవున్నదాన్ని ఇద్దరు అడుగులు కలిపి మోయడం, మలుపులో వెనుక కొన ఎటు తిరుగుతుందో చూసుకోవడం, మేడ అంచున 11 కె.వి. కరెంటు తీగలు ఉంటే రాడ్డును ఎన్నడూ నిలబెట్టకపోవడం, స్టార్టర్ కడ్డీల (పైన కట్టబోయే పిల్లరు కోసం నిలువుగా వదిలినవి) కొనలకు టోపీలు లేనిచోట నడవకపోవడం, ఇవన్నీ మొదటి వారాల్లోనే ఒంటబట్టాలి. మోతలోనే అవి వస్తాయి. కానీ వచ్చేశాక కూడా మోతలోనే ఉంచితే అది శిక్షణ కాదు, హమాలీ పని.

నేను అడగగా అడగగా మేస్త్రీ ఒక రోజు అతనికి రింగుల పని ఇచ్చాడు. రింగులంటే పిల్లరు నిలువు కడ్డీలను చుట్టి పట్టి ఉంచే సన్న కడ్డీ చట్రాలు. 300 × 450 మి.మీ. పిల్లర్లకు 8 మి.మీ. రింగులు. ఆ పూట మేస్త్రీ వేరే బ్లాకులో ఉండటంతో మార్కింగు కూడా కుర్రవాడే చేసుకున్నాడు. రింగులు నలుచదరంగా, ముచ్చటగా వచ్చాయి. మర్నాడు పిల్లరుకు సెంట్రింగ్ పలకలు బిగిస్తుంటే 40 మి.మీ. కవరు బిళ్లలు లోపలికి దూరలేదు. కవరు అంటే ఉక్కుకు బయట ఉండవలసిన కాంక్రీటు మందం, దాన్ని నిలబెట్టేవి ఈ బిళ్లలు. కొలిస్తే ప్రతి రింగూ పొడవులోనూ వెడల్పులోనూ 16 మి.మీ. చొప్పున పెద్దదిగా ఉంది. అంటే చుట్టూ ఉండవలసిన కవరు 40 నుంచి 32కు పడింది. కాంక్రీటు పనుల భారత ప్రమాణం ఐఎస్ 456:2000 ప్రకారం కవరు చెప్పినదానికన్నా 10 మి.మీ. వరకు పెరగవచ్చు కానీ, తగ్గడానికి వీల్లేదు. లాటు మొత్తం పక్కన పెట్టవలసి వచ్చింది. టీఎంటీ రింగును విప్పి మళ్లీ వంచితే వంపు దగ్గర చిట్లే ప్రమాదం ఉంది కాబట్టి ఆ దారీ లేదు.

"వాడికి లెక్క రాదు సార్. మోయడానికి పనికొస్తాడు, అంతే" అన్నాడు మేస్త్రీ.

తప్పు ఎక్కడుంది?

ఆ మాటను తీర్పుగా కాకుండా ఒక అనుమానంగా తీసుకుని పరీక్షించాను. తప్పు చేతిలో ఉండవచ్చు, టేపు చదవడంలో ఉండవచ్చు, డ్రాయింగును రాడ్డు మీదికి దించడంలో ఉండవచ్చు. మూడింటికీ మందులు వేరు కాబట్టి విడివిడిగా చూడాలి.

నేను గీతలు పెట్టి ఇచ్చిన ముక్కలను అతను తేడా లేకుండా వంచాడు. కాబట్టి చేతిలో లోపం లేదు. టేపు కొన విరిగి ఉంటే 100 దగ్గర పట్టి ఆ వందను తీసేయడం దాకా అతనికి తెలుసు. టేపులోనూ లోపం లేదు. డ్రాయింగు ఇచ్చి రింగు పొడవు రాయమంటే కాగితం మీద ఇలా వేశాడు: పిల్లరు 300లో రెండు వైపులా కవరు 80 తీస్తే 220, 450లో 80 తీస్తే 370. నాలుగు వైపులూ కలిపితే 1180. రింగు మూసుకునేచోట లోపలికి వంచే రెండు కొనలకు, అంటే హుక్కులకు, ఒక్కోదానికి 80 చొప్పున 160 కలిపితే 1340.

కవరు తీయడం మరవలేదు, కూడికలో తప్పు లేదు. లెక్క రానివాడు ఇలా వేయడు. అతనికి తెలియనిది ఒక్కటే: వంచిన రాడ్డును బయటి అంచుల వెంట కొలిస్తే, వంచకముందు ఉన్న పొడవు కన్నా ఎక్కువ చూపిస్తుంది. కడ్డీ మూలలో కోసుగా తిరగకుండా గుండ్రంగా తిరగడం వల్ల వచ్చే తేడా ఇది. మేస్త్రీలు దీన్ని సాగుడు అంటారు. 90 డిగ్రీల వంపుకు ఆ తేడా కడ్డీ మందానికి సుమారు రెండింతలు, 8 మి.మీ. కడ్డీకి 16. రింగు పెరిగింది సరిగ్గా అంతే.

కొలతల భాష ఇంకో చిక్కు. డ్రాయింగు మిల్లీమీటర్లలో ఉంటుంది. మేస్త్రీ పిల్లరును "అడుగు, అడుగున్నర" అంటాడు. కడ్డీని సూతుల్లో చెబుతాడు: మూడు సూతులంటే 10 మి.మీ., నాలుగంటే 12, అయిదంటే 16, ఆరంటే 20. సూతు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, కాబట్టి ఇవన్నీ ఉజ్జాయింపులే. కుర్రవాడు మేస్త్రీ మాటను డ్రాయింగులోకి, డ్రాయింగును టేపులోకి మార్చుకునేలోపు పక్కవాడు రెండు రింగులు వంచేసేవాడు.

మొదటి ప్రయత్నం: సూత్రం

తెలియనిది ఒక్క విషయమే అయితే చెప్పేస్తే సరిపోతుంది కదా అన్నది అప్పటి ఆలోచన. సాయంత్రాలు కూర్చోబెట్టి సైట్లలో అందరూ వాడే సూత్రం నేర్పించాం. బయటి కొలతల మొత్తానికి ఒక్కో హుక్కుకు కడ్డీ మందానికి పదింతలు కలపాలి. 90 డిగ్రీల వంపు ఒక్కోదానికి రెండింతలు, 135 డిగ్రీల వంపు ఒక్కోదానికి మూడింతలు తీసేయాలి. పై రింగులో 90 డిగ్రీల వంపులు మూడు, హుక్కుల దగ్గర 135 డిగ్రీల వంపులు రెండు, కాబట్టి లెక్క ఇలా వస్తుంది: 1180 + 160 – 48 – 48 = 1244.

కుర్రవాడు దాన్ని రెండో రోజుకే కంఠతా పట్టాడు. రింగుల వైపులు 220, 370 కచ్చితంగా వచ్చాయి, కవరు బిళ్లలు దూరాయి. ఈసారి తనిఖీలో హుక్కు దగ్గర ఆగింది. వంపు తర్వాత తిన్నగా ఉండే తోక 33 మి.మీ. దగ్గరే ముగిసింది.

ఇది కుర్రవాడి తప్పు కాదు, సూత్రంలోనే ఉన్న ఇబ్బంది. పదింతలు అంటే 80. అందులో 135 డిగ్రీల వంపు చుట్టుకోవడానికే 47 దాకా పోతుంది. మిగిలేది 33. మా సైటున్న ప్రాంతం భూకంప ప్రమాణం ఐఎస్ 1893:2016 పటంలో జోన్ 3లోకి వస్తుంది, కాబట్టి భూకంపాన్ని తట్టుకునేలా ఉక్కు కట్టే నియమాలున్న ఐఎస్ 13920:2016 పాటించాలి. దాని ప్రకారం రింగు తోక కడ్డీ మందానికి ఆరింతలు ఉండాలి, ఎంత సన్న కడ్డీ అయినా 65 మి.మీ.కు తగ్గకూడదు. భూమి కంపించినప్పుడు పిల్లరు పైపొర ఊడిపోతుంది. 90 డిగ్రీలకే ఆపిన హుక్కయితే అప్పుడు తెరుచుకుంటుంది, లోపలి కాంక్రీటును పట్టి ఉంచలేదు. హుక్కును 135 డిగ్రీలు తిప్పి తోకను లోపలి గట్టి కాంక్రీటులోకి పంపేది అందుకే. తోక పొట్టిదైతే అక్కడ పట్టు దొరకదు.

సాయంత్రం పాఠాల మీద నాకు మరో అభ్యంతరం కూడా ఏర్పడింది. పగలంతా రాడ్లు మోసినవాడు ఏడు గంటలకు కాగితం ముందు కూర్చుంటే, చెప్పినదాన్ని ప్రశ్నించే ఓపిక ఉండదు, అప్పజెప్పేస్తాడు. పిల్లరు మధ్య కడ్డీలను కలిపే లింకు ఇచ్చి పొడవు అడిగితే అతను అదే రింగు సూత్రంలో అంకెలు వేశాడు. అందులో 90 డిగ్రీల వంపులే ఉండవని తట్టలేదు.

రెండో ప్రయత్నం: అనుభవజ్ఞుడి పక్కన

ఈ పని తరతరాలుగా చూసి నేర్చుకుంటున్నదే. కాగితం పనిచేయకపోతే మేస్త్రీ పక్కన నిలబెట్టడం సహజమైన తర్వాతి మెట్టు. అతన్ని మోత నుంచి తప్పించి బెండింగ్ బల్లకు మార్చమని కోరాం. మేస్త్రీ సరేనన్నాడు, అన్నట్టే మార్చాడు కూడా.

కానీ కుర్రవాడు బల్ల దగ్గరికి వచ్చేసరికి ముక్కలన్నీ కోసి, గీతలు పెట్టి సిద్ధంగా ఉండేవి. మార్కింగు మేస్త్రీ తెల్లవారకముందే ముగించేవాడు. ఎండాకాలంలో రాడ్డు కాలకముందే పని మొదలుపెట్టడం మామూలే, అందులో దాపరికం ఏమీ లేదు. అయినా ఫలితం షెడ్డులో లాగే తేలింది. గీత ఎవరో పెడతారు, ఇతను వంచుతాడు.

మేస్త్రీని విడిగా కూర్చోబెట్టి అడిగితే దాచకుండా చెప్పాడు. "మార్కు తప్పితే టన్ను పోతుంది సార్. టన్ను పోతే పదిమంది బత్తెం పోతుంది. వాడి చదువుకి వాళ్లెందుకు కట్టాలి?" కాసేపాగి ఇంకో మాట కూడా అన్నాడు: "మార్కింగు వచ్చినవాడు నా దగ్గర ఎన్నాళ్లుంటాడు? నలుగురిని వెంటేసుకుని వాడే మేస్త్రీ అవుతాడు."

రెండు మాటలూ నిజమే. టన్ను కూలిలో కొత్తవాడి పొరపాటు ఖర్చు ముఠా మీద పడుతుంది. నేర్చుకున్న లాభం కుర్రవాడికి, కొంత కంపెనీకి చేరుతుంది. ఖర్చు ఒకరిది, లాభం మరొకరిది అయినప్పుడు మేస్త్రీ మంచితనం మీద ఆధారపడి శిక్షణ నడపలేం. సైట్లలో "కుర్రవాళ్లకు శ్రద్ధ లేదు" అనే మాట నేను చాలా విన్నాను. ఆ శ్రద్ధ పెట్టడానికి రోజులో ఏ గంట, ఏ ముక్క ఇచ్చామని మాత్రం ఎవరూ లెక్క చూడరు.

కుర్రవాడిని ముఠా నుంచి తీసి కంపెనీ రోజు కూలీలోకి మారుద్దామని ఒక ప్రతిపాదన వచ్చింది. నేను ఒప్పుకోలేదు. కంపెనీ మనిషన్న ముద్ర పడితే ముఠాలో అతని ముందు ఎవరూ నోరు విప్పరు. పైగా తర్వాత అతను బతకవలసింది ముఠాల మధ్యనే.

ఏది పనిచేసింది

రెండు మార్పులు ఒకేసారి చేశాం. ఒకటి ఉక్కుకు సంబంధించింది, రెండోది డబ్బుకు.

ముందు ఉక్కు సంగతి. కోతలో మిగిలిన తుండు ముక్కలు యార్డులో ఎప్పుడూ ఉంటాయి. వాటిని తుక్కుకు వేసే ముందు కుర్రవాడికి ఇచ్చాం. ముక్కను వంచకముందు కొలవాలి, 90 డిగ్రీలు వంచి రెండు వైపులా బయటి అంచు కొలవాలి, తేడా ఎంతో ప్లైవుడ్ పలక మీద రాయాలి. సూత్రం ఊసెత్తలేదు. 8 మి.మీ. ముక్కలకు 16, 17 వస్తున్నాయని అతనే చూశాడు. తర్వాత హుక్కు. తోక 65 మిగలాలంటే మూల నుంచి ఎంత పొడవు వదలాలో ముక్కలు వంచుతూ వెతకమన్నాను. 60 వదిలాడు, చాలలేదు. పెంచుకుంటూ పోయి 90 దగ్గర ఆగాడు. నేను కాగితం మీద వేసి చూస్తే 88 వచ్చింది.

ఇదంతా మా బల్ల మీది 32 మి.మీ. పిన్నుకే, అంటే కడ్డీని చుట్టి వంచే గుండ్రని మేకుకే. 8 మి.మీ. కడ్డీకి అది నాలుగింతలు, వంపు చిట్లకుండా రావడానికి తగిన మందం. పిన్ను మారితే అంకె మారుతుంది. సూత్రం కంఠతా పట్టినవాడు కొత్త సైటుకు వెళ్లి సన్న పిన్ను మీద కూడా పాత అంకెనే వాడతాడు. ముక్క వంచి చూడటం అలవాటైనవాడు ముందు పిన్ను వంక చూస్తాడు. సూత్రం వదిలి ముక్కలకు మళ్లడానికి నాకు అన్నిటికన్నా బలమైన కారణం ఇదే.

కొలతల భాష చిక్కుకు నేల మీద సుద్దతో విరుగుడు చేశాం. పిల్లరు అడ్డకోతను ఎంత ఉందో అంత గీసి, మూలల్లో నిజం కవరు బిళ్లలు పెట్టి, వాటి మధ్య రింగు పట్టాలన్నాం. మేస్త్రీ "అడుగున్నర" అన్నా, డ్రాయింగు 450 అన్నా ఆ నేల మీది గీత ఒక్కటే. లాటు కోసే ముందు ఒకే ఒక్క రింగు చేసి, గీతలో పెట్టి, మేస్త్రీ చూసి తలూపాకే మిగతావి కోయాలన్న నియమం పెట్టాం. బట్ట చింపే ముందు దర్జీ రెండోసారి కొలిచినట్టు. తప్పు జరిగినా పోయేది ఒక్క ముక్కే.

డబ్బు విషయం తేలడానికి ఎక్కువ కాలం పట్టింది. ప్రహరీ గోడ పిల్లర్ల పనిని టన్ను లెక్క నుంచి తీసి రోజు కూలి కింద పెట్టాం. ఆ పనిలో కుర్రవాడి పొరపాట్లు ముఠా ఖాతాలోకి రావు. మేస్త్రీకి నేర్పినందుకు వేరే మొత్తం నిర్ణయించాం, అయితే కుర్రవాడు సొంతంగా మార్కు చేసిన రింగులు తనిఖీలో పాసయ్యాకే ఇస్తామన్నాం. రోజుకింత అని ఇస్తే నేర్పకపోయినా ముడుతుంది. పాసైనదానికి ఇస్తే నేర్పడంలో అతనికీ ఆసక్తి ఉంటుందని మా లెక్క. ప్రహరీని ఎంచుకోవడానికి ఇంకో కారణం, అది భవనం బరువు మోయదు. అన్నీ 230 × 230 పిల్లర్లు, ఒకే కొలత, పదేపదే చేయవచ్చు.

ఆ పిల్లరుకు రింగు 150 × 150. నాలుగు వైపులు 600, మూడు వంపులకు 48 తీసి, రెండు హుక్కులకు 180 కలిపితే 732. 12 మీటర్ల రాడ్డుకు 16 రింగులు వస్తాయి. పాత పద్ధతిలో సాగుడు తీయకుండా 780 కోస్తే 15 మాత్రమే. కుర్రవాడు దీన్ని పలక మీద పక్కపక్కన రాసి పెట్టాడు. మేస్త్రీ దాన్ని చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు.

నిజానికి మేస్త్రీకి అప్పటిదాకా ఒక భయం ఉండేది. తోక 65 ఉండేలా చేస్తే ఉక్కు ఎక్కువ పడుతుంది, తుక్కు లెక్క తనమీదికి వస్తుందని. పెద్ద పిల్లరు రింగుకు కుర్రవాడు కొత్త అంకె వేశాడు: 1180 – 48 + 180 = 1312. పొట్టి తోక రింగు 1244కు కూడా రాడ్డుకు తొమ్మిదే వస్తాయి, 1312కు కూడా తొమ్మిదే. తేడా అంతా చివర మిగిలే తుండులోనే ఉంది. మొదట పాడైన లాటు 1340కి అయితే ఎనిమిదే వచ్చేవి. సరైన రింగు చేస్తే రాడ్డుకు ఒక్క రింగూ తగ్గదని తెలిశాక మేస్త్రీ ఆ అంకెను తన చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. ఆ తర్వాతి నుంచి తెల్లవారుజాము మార్కింగుకు కుర్రవాడిని లేపడం మొదలుపెట్టాడు. నియమాల కన్నా ఈ లెక్కే ఎక్కువ పనిచేసిందని నేననుకుంటాను.

తర్వాత జరిగినవి, నేను గ్రహించినవి

పిల్లర్ల రింగులు, లింకులు, స్లాబు జాలీ మార్కింగు అతని చేతికి వచ్చాయి. బీముల దగ్గర ఈ పద్ధతి అంత సాఫీగా సాగలేదు. సపోర్టు (బీము ఆనే చోటు) మీద పైన వేసే అదనపు కడ్డీ ఎంతదాకా పోవాలి, రెండు కడ్డీల అతుకు ఎక్కడ పెట్టకూడదు అన్నవి ముక్క వంచితే తెలిసేవి కావు. బీమును సాగదీసే బలం, అంటే లాగుడు, ఎక్కడ పైన ఉంటుందో, ఎక్కడ కింద ఉంటుందో బొమ్మ వేసి చెప్పవలసిందే. చేతి పని, బుర్ర పని అని రెండుగా విడదీసి అంతా చేతితోనే నేర్పగలమని చెప్పేవారితో అందుకే నేను పూర్తిగా ఏకీభవించను. సాగుడు చేతితో నేర్చుకోవలసింది, అతుకు చోటు బొమ్మతో నేర్చుకోవలసింది. ఏది ఎందులో పడుతుందో ముందే తేల్చుకోవాలి.

కొత్తవాళ్లను తీసుకునేటప్పుడు ఇప్పుడు సర్టిఫికెట్టు కన్నా ముందు ఒక ప్రశ్న అడుగుతున్నాను: "షెడ్డులో గీతలు ఎవరు పెట్టేవారు?" జవాబును బట్టి మొదటి నెల ప్రణాళిక మారుతుంది. ముఠా కూలి టన్ను మీదా, రోజు మీదా అన్నది కూడా శిక్షణ కాగితాల్లో మొదటి వరుసలోనే రాస్తున్నాను. ఇంతకుముందు అది లెక్కల విభాగం వ్యవహారంగా ఉండేది.

మేస్త్రీ రెండో భయం మాత్రం నిజమైంది. తర్వాతి సంక్రాంతికి ఊరెళ్లిన కుర్రవాడు తిరిగి ఈ ముఠాకు రాలేదు. వేరే జిల్లాలో ఇంకో ముఠాలో మార్కింగు మనిషిగా చేరాడని, అక్కడ వాటా ఎక్కువని తెలిసింది. మేస్త్రీ నా మీద కొన్నాళ్లు ముభావంగా ఉన్నాడు. తర్వాతి విడత కుర్రవాళ్లను పంపుతామంటే వద్దనలేదు. కాకపోతే నేర్పినందుకు ఇచ్చే మొత్తంలో సగం ముందే ఇవ్వాలని, నేర్చుకున్నవాడు ఆ ఏడాది చివరిదాకా తన ముఠాలోనే ఉండేలా మాట తీసుకోవాలని షరతు పెట్టాడు. మొదటిదానికి ఒప్పుకున్నాం. రెండోది ఎవరి చేతా రాయించుకోలేమని చెప్పి, దానికి బదులు మార్కింగు చేసేవాడి వాటా పెంచమని అడిగాం. ఎంత పెంచాలన్నది ఇంకా తేలలేదు.